కందకం లోపలి నడక

జగదేవ్‌పూర్ గుట్టల్లో ముసురు పట్టిన రోజు నడవడం ఎంత హాయో మేం ఎంతోమందికి చెప్పాం. ఫొటోలు చూపించాం, రాశాం, సభల్లో మాట్లాడాం. ఆ అడవి అంత పచ్చగా లేవడానికి ఎవరు బయటికి పోవాల్సి వచ్చిందో మాత్రం ఎవరికీ చెప్పలేదు. అందులో కొంత మాకు తెలుసు, పక్కన పెట్టాం. మిగతాది అడిగితే తెలిసేది, అడగలేదు.

మేం అంటే ఎవరో ముందు చెప్పాలి. గజ్వేల్, జగదేవ్‌పూర్, కొండపాక, తుర్కపల్లి చుట్టుపక్కల ఊళ్లలో పుట్టి, చదువుకుని, హైదరాబాద్‌లో స్థిరపడిన స్నేహితులం. మాలో పంతుళ్లున్నారు, పత్రికల్లో పనిచేసేవాళ్లున్నారు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులున్నారు, ఒక వకీలున్నాడు. అందరం ఇంట్లో మొదటి తరం చదువరులమే. మా తండ్రులు వేలిముద్ర వేసినవాళ్లు, లేదంటే పెద్దయ్యాక సంతకం నేర్చుకున్నవాళ్లు. బతుకమ్మకూ దసరాకూ ఊరికి వచ్చినప్పుడు ఒక రోజు అందరం కలిసి గుట్టల్లో నడవడం మా అలవాటు. ఆ నడకల గురించి ఇన్నేళ్లలో మేం రాసిందంతా వాన, పచ్చదనం, స్నేహం. అవి అబద్ధాలు కావు. వాటి పక్కన రాయాల్సింది రాయకపోవడమే మా తప్పు.

నేను చెప్పే రోజు హస్త కార్తెలోది. తెల్లవారకముందే మొగులు కమ్ముకుంది. ప్రజ్ఞాపూర్ దగ్గర రాజీవ్ రహదారి విడిచి జగదేవ్‌పూర్ దారి పట్టేసరికి సన్నగా జల్లు మొదలైంది. రోడ్డుకు ఒక పక్కంతా మక్కలు ఆరబోసి ఉన్నాయి. మనుషులు ఉరుకులు పరుగుల మీద పరదాలు కప్పుతున్నారు. ఒకామె గాలికి లేస్తున్న పరదా అంచును కాలితో తొక్కిపట్టి, చేతిలో రాయితోనే మమ్మల్ని పక్కనుంచి పొమ్మని సైగ చేసింది. మేం పోయాం. కారులో అప్పటికే వాన భలే పట్టిందని సంబరం మొదలైంది. పత్తి పగిలే రోజుల్లో, మక్కలు ఆరే రోజుల్లో పడే వాన రైతును ఏం చేస్తుందో తెలియనివాళ్లు మాలో ఎవరూ లేరు. చిన్నప్పుడు ఇదే వానలో ఇవే పరదాలు పట్టుకుని ఉరికినవాళ్లమే. అయినా ఒక్కరం కిందికి దిగలేదు.

అడవి అంచున కందకం ఉంది. జేసీబీతో తీసింది. మనిషి దిగితే తల మాత్రమే కనిపించేంత లోతు. తీసిన మట్టిని లోపలి వైపు గట్టుగా పోశారు. గట్టు మీద గచ్చకాయ ముళ్లు అల్లుకుని ఉన్నాయి. ఒక చోట గట్టు కూలి, నీళ్లు కోసుకుపోయి, దిగి ఎక్కడానికి వీలుగా ఉంది. అక్కడే దాటాం. ఒకరి చేయి ఒకరు పట్టుకుని, బురదలో జారుతూ, బూట్లు నీళ్లు మింగుతుంటే నవ్వుకుంటూ దాటాం. ఆ కందకం ఎవరిని ఆపడానికి తీశారన్న ఆలోచన అప్పుడు ఎవరికీ రాలేదు. అది మమ్మల్ని ఆపలేదు, అంతే మాకు కావలసింది.

లోపల నిజంగానే స్వర్గం. దాన్ని తక్కువ చేసి చెప్పలేను. తునికి ఆకుల మీద వాన పడే చప్పుడు ఒక తీరు, మోదుగాకుల మీద పడే చప్పుడు ఒక తీరు. వెడల్పాటి మోదుగాకు మీద చినుకు టప్పున మోగుతుంది, తునికి మీద గుసగుసలాడుతుంది. రేల చెట్లకు నల్లటి పొడుగాటి కాయలు వేలాడుతున్నాయి. నేల ఎక్కడ చూసినా ఎర్రటి నీళ్ల చాళ్లు. బండల మీద నాచు పట్టి జారుతోంది. బండ గుంతల్లో నిలిచిన నీళ్లలో ఆకాశం బూడిద రంగులో కదులుతోంది. రాళ్ల సందుల్లో తంగేడు పొదలు పసుపు ముద్దల్లా పూసి ఉన్నాయి. దూరంగా నెమలి అరిచింది. గుట్ట నడుము దాటాక సీతాఫలం చెట్లు. కాయలన్నీ కండ్లు విప్పి ఉన్నాయి. వాన కడిగిన కాయ చేతికి చల్లగా తగులుతుంటే తెంపకుండా ఉండడం కష్టం. తెంపాం. సంచులు నింపుకున్నాం.

ఇరవై ఏళ్ల కిందట ఇవే గుట్టలు ఎలా ఉండేవో మాకు గుర్తుంది. నడుం ఎత్తు కూడా లేని పొదలు, నరికిన మొద్దులు, ఎండకు కాగే బండలు. మొద్దుల వేర్లు మాత్రం చావలేదు. 2015 జులై 3న చిలుకూరులో ప్రభుత్వం హరితహారం మొదలుపెట్టింది. రాష్ట్రంలో 24 శాతంగా ఉన్న పచ్చదనాన్ని 33 శాతానికి పెంచాలన్నారు. అందరూ కొత్త మొక్కలు నాటడం గురించే మాట్లాడారు కానీ గజ్వేల్ చుట్టుపక్కల అడవుల్లో అసలు పని వేరే జరిగింది. పాత మొద్దుల నుంచి గుంపుగా లేచే పిలకల్లో బలమైన ఒక్కదాన్ని ఉంచి మిగతావి తీసేయడం, చుట్టూ కందకం తవ్వి గొడ్డలినీ మేతనూ ఆపడం. కొన్నేళ్లకు వేరు తన పని తాను చేసుకుంది. రాష్ట్రమంతటి నుంచీ అధికారులు, ప్రజాప్రతినిధులు వచ్చి చూసి వెళ్లారు. ఆ పనిని ఈరోజుకూ నేను గౌరవిస్తాను. మేకలు చిగురు కొరికితే చెట్టు లేవదన్న మాట వాస్తవం. వంట చెరకు కోసం మా ఇళ్ల ఆడవాళ్లే మోపులు మోశారన్నదీ వాస్తవం. అడవి చిక్కిపోవడంలో మా ఊళ్ల చేయి ఉంది. నేను దాచను.

ఉరుము దగ్గర పడింది. వాన పెద్దదైంది. అడవి అంచుకు దిగి వచ్చి, ఒంటరిగా నిలబడ్డ పెద్ద చెట్టు కిందికి అందరం చేరాం. అప్పుడు కందకం అవతలి నుంచి కేక వినిపించింది.

“ఓ సారూ! గా చెట్టు కింద నుంచి బయటికి రాండ్రి! ఉర్ముతున్నది, ఇనవడ్తలేదా? గొడుగులు ముడువుండ్రి. గా లోతట్టుకు వచ్చి గొంతుక్కూసోండ్రి.”

పొలం గట్టు మీద ఒక ముసలాయన. తల మీదుగా నల్ల గొంగడి కప్పుకుని ఉన్నాడు. చుట్టూ జీవాలు తలలు వంచి ఒకదానికొకటి ఒత్తుకుని నిలబడ్డాయి. మేం చెట్టు కింది నుంచి వచ్చి ఆయన చెప్పినట్టే లోతట్టులో కూర్చున్నాం. చదువు చెప్పేవాళ్లం, వార్తలు రాసేవాళ్లం అందరం ఉన్నాం. తెలంగాణలో ఏటా పిడుగులకు పోయేవాళ్లలో కాపరులూ కూలీలూ ఎందుకంత మంది ఉంటారో పత్రికలో రాసిన మిత్రుడు కూడా మాలోనే ఉన్నాడు. ఆయనే మాతో పాటు ఆ చెట్టు కింద నిలబడ్డాడు.

వాన కొంచెం తగ్గాక కందకం ఒడ్డుకు వచ్చాం. అటు ఆయన, ఇటు మేం. ఏ ఊరు, ఎవరి పిల్లలు అని అడిగాడు. చెప్పాం. మాలో ఒకరి తండ్రి పేరు వినగానే ఆయన పిలుపు సారు నుంచి బిడ్డకు మారింది.

“మీ నాయిన, నేను ఒక్కతాన్నే మంద కాసినం బిడ్డా. గీ గుట్ట మీదనే. గప్పుడు గీ కందకం యాడిది?”

“లోపల ఇంత గడ్డి ఉంది కదా తాతా, జీవాలను ఇటు తోలుకురావా?” అని మా టీచరమ్మ అడిగింది.

“ఎట్లొస్త బిడ్డా? జీవాలు లోపలికొస్తే జుర్మానా ఏస్తరు. మీరు సూడనీకొస్తరు, మేం మేపనీకొస్తం. సూసెటోళ్లకు జుర్మానా ఉండదు.”

ఆ మాటలో కోపం లేదు. వాన గురించి చెప్పినట్టే చెప్పాడు.

మా వకీలు మిత్రుడు తలదించుకున్నాడు. 1927 భారత అటవీ చట్టం 26వ సెక్షన్‌లో రిజర్వు అడవిలోకి చొరబడడం, పశువులను మేపడం ఒకే వాక్యంలో, పక్కపక్కనే రాసి ఉన్న నేరాలు. మన రాష్ట్రపు 1967 చట్టం కూడా ఆ దారిలోనే నడిచింది. అనుమతి తీసుకోకుండా కందకం దాటిన మేమూ, జీవాలతో లోపలికొచ్చే ఆయనా ఆ వాక్యం ముందు ఒకటే. కానీ మమ్మల్ని ఎప్పుడూ ఎవరూ ఆపలేదు. మా బూట్లు, మా భాష, మా కార్లు చూసి మమ్మల్ని అడవి ప్రేమికులనుకుంటారు. ఆయనను చూసి అడవికి శత్రువనుకుంటారు. ఆ తేడా వల్ల మాకు లాభం కలిగింది. ఆ లాభాన్ని మేం కాదనలేదు.

ఇక్కడ ఇంకో తేదీ చెప్పాలి. 2017 జూన్ 20. మా సిద్దిపేట జిల్లాలోనే, కొండపాకలో గొర్రెల పంపిణీ పథకం మొదలైంది. ఒక్కో గొల్ల, కురుమ కుటుంబానికి ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు. అప్పట్లో యూనిట్ ధర లక్షా పాతిక వేలు, అందులో 75 శాతం రాయితీ. ఆ రోజుల్లో మా ఊళ్లలో లారీల నుంచి జీవాలు దిగుతుంటే పండగలా ఉండింది. మేం కూడా సంతోషించాం. మా వాళ్ల ఇళ్లకు మందలు తిరిగి వస్తున్నాయని రాశాం.

2015లో అడవి చుట్టూ కందకం, 2017లో ఊరి నిండా గొర్రెలు. రెండింటికీ చప్పట్లు కొట్టాం. ఇన్ని జీవాలు ఎక్కడ మేయాలని ఒక్కసారి, ఒక్క వ్యాసంలో, ఒక్క సభలో అడగలేదు. మేతకు వదిలిన కంచెల భూములు ప్లాట్లుగా మారడం చూశాం. చెరువు శిఖం భూములు తగ్గిపోవడం చూశాం. బోర్లు, కాలువల నీళ్లతో రెండు పంటలు వచ్చాక పొలాలు కోత తర్వాత ఖాళీగా ఉండే కాలం కుంచించుకుపోవడం చూశాం. ఒకప్పుడు రైతులు పొలంలో మంద పెట్టించుకుని, ఎరువు కోసం కాపరికే గింజలు కొలిచేవాళ్లు. ఇవన్నీ విడివిడిగా మాకు తెలుసు. కలిపి చూడడం చదువుకున్నవాళ్ల పని. మా పని మేం చేయలేదు.

ముసలాయన ఒంటి మీది గొంగడి గురించి కూడా ఇక్కడే చెప్పాలి. నల్ల ఉన్ని ఇచ్చేది దక్కనీ గొర్రె. ఎండకు, వానకు, రాళ్ల నేలకు తట్టుకునే జాతి. దాని ఉన్నితోనే కురుమలు గొంగడి నేశారు. పథకం కింద బయటి రాష్ట్రాల నుంచి వచ్చినవాటిలో ఎక్కువగా కనిపించింది నెల్లూరు జాతి. మాంసానికి మంచిది, ఒంటి మీద ఉన్ని ఉండదు. ఆయన మందలో నల్ల గొర్రెలు అక్కడక్కడ ఒకటీ అరా ఉన్నాయి. గొంగడి ఎప్పటిదని అడిగితే, “మా నాయినది” అన్నాడు. మా ఒంటి మీది రెయిన్‌కోట్లు ఆ రోజు చంకల కింద కారాయి. ఆయన గొంగడి లోపల పొడిగా ఉన్నాడు. మాలో ఒకరు దాన్ని ఫొటో తీసుకుని, ఎక్కడ దొరుకుతుందని అడిగారు. ఆయన నవ్వాడు తప్ప జవాబు చెప్పలేదు.

ఆ నవ్వు చూసిన క్షణాన మా మిత్రుల్లో ఒకాయన మాట్లాడడం మానేశాడు. ఆయన ఇంజినీరింగ్ ఫీజు వాళ్ల నాన్న జీవాలు అమ్మి కట్టిందే. ఆ సంగతి మాకందరికీ తెలుసు. మాలో ఇంకొందరి చదువులు కూడా ఇలాగే సాగాయి. కొందరివి సీతాఫలాలు అమ్మిన డబ్బుతో, కొందరివి తునికాకు కట్టల కూలితో. గుట్ట మమ్మల్ని చదివించింది. చదువుకున్నాక ఆ గుట్టకు మేం ఇచ్చిందేమిటని వెతికితే విత్తన బంతులు కనిపిస్తాయి. తొలకరిలో పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చి, మట్టి ఉండలు విసిరి, అడవిని పెంచామన్న తృప్తితో ఇంటికి పోయాం. వేర్లు బతికున్న నేలకు మా మట్టి ఉండల అవసరం ఉందా అని కూడా ఆలోచించలేదు.

మేతను ఆపకుండా చెట్టు లేవదు, మేత లేకుండా మంద బతకదు. ఈ చిక్కు మా జిల్లాలోనే పుట్టింది కాదు. చండీగఢ్ పక్కన శివాలిక్ కొండల కింద సుఖోమాజ్రి అనే ఊరుంది. కొండలు మేకల మేతకు బోడి అయిపోయి, మట్టి కొట్టుకొచ్చి సుఖ్నా సరస్సును పూడ్చేస్తుండేది. 1970ల్లో పి.ఆర్. మిశ్రా అనే నేల సంరక్షణ శాస్త్రవేత్త అక్కడికి వెళ్లాడు. ఆయన మందలను ఆపే కందకం తవ్వించలేదు. కొండ కింద చిన్న మట్టికట్ట కట్టించి, ఆ నీళ్లలో ఊరి ప్రతి ఇంటికీ, భూమి లేని ఇంటికి కూడా, సమాన వాటా ఇవ్వాలన్నాడు. కొండ మీద గడ్డి కోసుకునే హక్కు ఊరికి రావాలన్నాడు. అప్పుడు ఊరివాళ్లే పశువులను కొండ ఎక్కించడం మానేశారు. కంచె అవసరం రాలేదు, మనుషుల ఒప్పందమే కంచె అయింది. ఈ కథ మా పంతుళ్లకు తెలుసు, పిల్లలకు చెప్పారు కూడా. అదే మాట మా గుట్టకు వర్తిస్తుందా, ఒక భాగం కొన్నేళ్లు మూసి ఇంకో భాగం తెరవచ్చా, గడ్డిని కోసుకుపోనివ్వచ్చా అని మా ఊళ్లో పదిమందిని కూర్చోబెట్టి అడగలేదు. 1992 నుంచి ఉమ్మడి రాష్ట్రంలో వన సంరక్షణ సమితులు వచ్చాయి. ఊరూ అటవీ శాఖా కలిసి అడవిని చూసుకోవాలన్న ఏర్పాటు అది. అవి కాగితాల మీద మిగిలిపోతుంటే చూస్తూ ఊరుకున్న ఊళ్లు మావే.

అన్నింటికన్నా బరువైన సంగతికి ఇప్పుడు వస్తున్నాను. 2006 అటవీ హక్కుల చట్టం గిరిజనులదే అనుకుంటాం. అందులో గిరిజనేతర సంప్రదాయ అటవీ వాసుల మాట కూడా ఉంది. మూడు తరాలుగా, అంటే డెబ్భై ఐదేళ్లుగా, అడవి మీద ఆధారపడి బతికామని చూపించాలి. మేత హక్కు, కాలానుగుణంగా మందలతో తిరిగే కాపరుల హక్కు సెక్షన్ 3లో రాసి ఉన్నాయి. కాగితాలు లేనివాడు ఏం చూపిస్తాడు? ఆ చట్టం కింద చేసిన నియమాలు ఒక దారి ఇచ్చాయి. హక్కు అడిగేవాళ్లు కాక, ఊరి పెద్దలు ఎవరైనా చెప్పిన మాటను కాగితం మీద రాస్తే అది సాక్ష్యంగా పనికొస్తుంది. ముసలివాళ్ల మాట కూడా సాక్ష్యమే, రాసేవాళ్లు కావాలి.

మా జిల్లాలో మైదానపు ఊళ్ల కాపరులకు ఆ హక్కు దక్కుతుందో లేదో నేను తీర్పు చెప్పలేను. అడవి మీద ఎంత ఆధారపడ్డారన్న దాని మీద వాదన నడుస్తుంది, అధికారులు ఒప్పుకోకపోవచ్చు. కానీ ఆ వాదన మొదలు కావాలంటే ముందు ఎవరో అడగాలి. అడగడానికి ముందు ఎవరో రాయాలి. మేం రాయగలిగినవాళ్లం. చిత్తడి నేల వాసన గురించి పేజీలు రాశాం. ఆ గుట్ట ఏ వైపు నుంచి మందలు ఎక్కేవి, ఏ బండ దగ్గర నీళ్లు తాగేవి, ఏ నెలలో ఏ దిక్కుకు పోయేవి అని చెప్పగల మనుషులు మా కళ్ల ముందే ఒక్కొక్కరు పోయారు. వాళ్లు మా తాతలు, మేనమామలు, మా ఇంటి పక్కవాళ్లు. వాళ్ల చావులకు పోయి వచ్చాం. వాళ్లు బతికుండగా ఒక్క మాట రాసిపెట్టలేదు. ఆనాడు కందకం అవతల నిలబడ్డ ఆయన మిగిలిన కొద్దిమందిలో ఒకడు. ఆయనతో కూడా మేం గొంగడి గురించే మాట్లాడాం.

ఆ రోజు కందకం దగ్గరి నుంచి తీగుల్ నర్సాపూర్ వెళ్లి కొండపోచమ్మ దర్శనం చేసుకున్నాం. కొమురవెల్లి మల్లన్నను చూసినవాళ్లు ఆయన తోబుట్టువైన ఈ తల్లిని కూడా చూసి పోవడం ఆనవాయితీ. మల్లన్న గొల్ల కురుమల దేవుడు. ఆయన కథను ఒగ్గువాళ్లు రాత్రంతా చెబుతారు, పట్నాలు వేస్తారు. పోచమ్మకు బోనం ఎత్తుతారు. మంద కాసేవాళ్ల దేవత ముందు తడి బట్టలతో చేతులు జోడించాం. మంద కాసే మనిషిని కందకం అవతల వదిలి వచ్చిన సంగతి అక్కడ మాలో ఎవరికీ ముల్లులా గుచ్చుకోలేదు. ఇప్పుడు రాస్తుంటే గుచ్చుకుంటోంది.

ఆ తల్లి పేరే మర్కూక్ దగ్గరి జలాశయానికి పెట్టారు. 2020 మే 29న కాళేశ్వరం నీళ్లు అందులోకి చేరాయి. పదిహేను టీఎంసీల నిల్వ, సముద్ర మట్టానికి 618 మీటర్ల ఎత్తు. గోదావరి అంత ఎత్తుకు ఎక్కిన రోజు మేం కన్నీళ్లు పెట్టుకున్నాం. నా తరం వాళ్లకు నీళ్లంటే ఏమిటో తెలుసు, ఆ కన్నీళ్లకు నేను సిగ్గుపడను. కానీ ఆ నీళ్ల కింద మామిడ్యాల, బైలంపూర్, తానేదార్‌పల్లి ఉన్నాయి. అక్కడివాళ్లు తునికి బొల్లారం కాలనీకి వెళ్లారు. ఇళ్లతో పాటు వాళ్ల కంచెలు, దొడ్లు, మేత నేలలు పోయాయి. ఇంటికి పరిహారం లెక్క కట్టగలిగారు. మంద తిరిగిన నేలకు లెక్క ఉందా అని మేం అడగలేదు. ఆ తర్వాత కట్ట మీదికి వెళ్లి ఫొటోలు దిగాం, అందరికీ పంపాం, రమ్మని పిలిచాం. నీళ్ల లోతు గురించి, కట్ట వాలు గురించి ఒక్క హెచ్చరిక రాయలేదు. 2025 జనవరి 11న హైదరాబాద్ నుంచి వచ్చిన ఐదుగురు యువకులు అక్కడ మునిగి చనిపోయారు. వాళ్లు మా ఫొటోలు చూసి వచ్చారని నేననను. అందమైన చోటు ఉందని చెప్పి, ఆ చోటు గురించి తెలిసిన మనుషులను అడగమని చెప్పని వాళ్లలో మేం ఉన్నామని మాత్రం అంటాను.

తిరుగు దారిలో ప్రజ్ఞాపూర్ దగ్గర రోడ్డు పక్కన సీతాఫలాల గంపలు పెట్టుకుని ఆడవాళ్లు కూర్చున్నారు. కొంగులు తడిసి, ప్లాస్టిక్ కవర్లు తలకు కట్టుకుని ఉన్నారు. మా సంచుల్లో గుట్ట మీద మేం తెంపిన కాయలు నిండుగా ఉన్నాయి. అయినా ఇళ్లకు ఇంకాసిన్ని కావాలని కారు ఆపాం. గంప ధర చెప్పింది ఒకామె. మాలో ఒకరు బేరం ఆడారు. “గుట్ట ఎక్కి తెచ్చిన సారూ, ఊకె రాలె,” అంది. పొద్దుగాల చీకట్లో పోయి, ఎవరూ చూడకముందు దిగొస్తామని కూడా అంది. ఆమెకు అది దొంగతనంలా చేయాల్సిన పని. మాకు పండగ నాటి సరదా. ఒకే చెట్టు, ఒకే కాయ. బేరం ఆడిన మనిషిని మిగతా మేం ఆపలేదు. ధర తగ్గించి ఇచ్చింది, తీసుకున్నాం.

ఆ రాత్రి ఫోన్లలో మాట్లాడుకున్నాం. ముసలాయన మాట అందరినీ తాకింది. దరఖాస్తు రాయాలని ఒకరు, పెద్దవాళ్ల మాటలు రికార్డు చేయాలని ఒకరు, మేతకు ఏ భాగం తెరవచ్చో అటవీ శాఖతో కూర్చుని మాట్లాడాలని ఒకరు అన్నారు. అందరం సరేనన్నాం. ఆ మాటల్లో మోసం లేదు, ఎవరి గొంతులోనూ నటన లేదు. ఆ తర్వాత పరీక్షలు వచ్చాయి, ప్రాజెక్టులు వచ్చాయి, పెళ్లిళ్లు వచ్చాయి. మంచి మనసులున్న మనుషులం కలిసి ఎలా ఏమీ చేయకుండా ఉండిపోతామో మా గుంపును చూస్తే తెలుస్తుంది. ఒక్కొక్కరం మిగతావాళ్లు చేస్తారనుకున్నాం. ఎవరూ చేయలేదని తెలిశాక ఎవరినీ అడగలేదు, అడిగితే అదే ప్రశ్న మన మీదికి వస్తుందని.

అటవీ హక్కుల చట్టం ప్రకారం ఏ దావా అయినా గ్రామసభలోనే మొదలు కావాలి. కలెక్టరు దగ్గరా కాదు, హైదరాబాద్‌లోనూ కాదు. మా ఓట్లు ఇంకా ఆ ఊళ్లలోనే ఉన్నాయి. ఎన్నికల రోజు కార్లు వేసుకుని పోయి వేసి వస్తాం. గ్రామసభ జరిగిన రోజుల్లో కూడా సెలవులు ఉన్నాయి, కార్లు ఉన్నాయి, దారి తెలుసు. మా ఊళ్ల గ్రామసభ రిజిస్టర్లలో మా తండ్రుల వేలిముద్రలు ఉన్నాయి. మా సంతకం ఒక్కటీ లేదు.